మరచినవి తక్కువ, కలగలిసినవి ఎక్కువ

వైద్య లైసెన్సు పరీక్ష కోసం మౌలిక వైద్యశాస్త్రాలను మళ్ళీ మొదటినుంచి చదవడం ఆరంభించినప్పుడు, నా భయమంతా మరచిపోయిన విషయాల గురించే ఉండేది. బయోకెమిస్ట్రీ పుస్తకం మూసి ఏళ్ళు గడిచాయి. రోగుల మంచాల పక్కన నిలబడి పనిచేసే రోజుల్లో శరీరం అమ్మోనియాను యూరియాగా మార్చుకునే యూరియా చక్రంలోని ఎంజైమ్‌ల వరుస ఎవరూ అడగరు. అందువల్ల తొలి నెలంతా పాత నోట్సును వరసగా చదువుతూ, తెలిసిన వాక్యాల కిందే మళ్ళీ గీతలు గీస్తూ గడిపాను. ఆ తర్వాత సాధన ప్రశ్నలు మొదలుపెట్టి, తప్పిన ప్రతి ప్రశ్నకూ ఒక నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాసుకునే అలవాటు చేసుకున్నాను. నేను ఏ జవాబు ఎంచుకున్నానన్నది మొదటి వాక్యం, దాన్ని ఎందుకు ఎంచుకున్నానన్నది రెండో వాక్యం.

ఆ రెండో వాక్యమే నా అంచనాను తలకిందులు చేసింది. మూడు వారాల తర్వాత నోటుపుస్తకం తిరగేసి చూస్తే, పూర్తిగా మరచిపోవడం వల్ల జరిగిన తప్పులు నేను అనుకున్నదానికంటే చాలా తక్కువ. సగానికి పైగా తప్పుల్లో సరైన జవాబూ నాకు తెలుసు, నేను ఎంచుకున్న తప్పు జవాబూ తెలుసు. రెండూ తెలిసి ఉండీ, వాటి మధ్య గట్టు ఎక్కడుందో తెలియకపోవడం వల్ల ఒకదాని బదులు మరొకదానిపై వేలు పెట్టాను. పరీక్ష రాసేవారికి ఇది కొత్త సంగతి కాకపోవచ్చు గాని, నాకు మాత్రం చదివే పద్ధతినే మార్చుకోవలసినంత పెద్ద విషయంగా కనిపించింది.

ఆ నోటుపుస్తకంలో మొదటి పేజీ ఓరోటిక్ ఆమ్లానిది. పసిబిడ్డ మూత్రంలో ఓరోటిక్ ఆమ్లం ఎక్కువగా ఉందని ప్రశ్నలో కనిపించగానే నేను ఆ ఆమ్లం పేరుతోనే ఉన్న వ్యాధిని, ఓరోటిక్ అసిడ్యూరియాను, గుర్తుపెట్టేశాను. సరైన జవాబు ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్ అనే యూరియా చక్రపు ఎంజైమ్ లోపం. ఈ లోపంలో మైటోకాండ్రియాలో తయారైన కార్బమోయిల్ ఫాస్ఫేట్ యూరియా చక్రంలో ముందుకు సాగలేక పేరుకుపోయి, బయటికి వచ్చి, డీఎన్ఏకు ముడిసరుకైన పిరిమిడిన్‌లు తయారయ్యే దారిలోకి మళ్ళుతుంది. అందుకే ఓరోటిక్ ఆమ్లం పెరుగుతుంది. యూరియా చక్రం ఆగింది కాబట్టి రక్తంలో అమ్మోనియా కూడా పెరుగుతుంది. ఓరోటిక్ అసిడ్యూరియాలో తెగిపోయేది పిరిమిడిన్‌ల దారే. యూఎంపీ సింథేజ్ అనే ఎంజైమ్ లేనందువల్ల ఓరోటిక్ ఆమ్లం యూఎంపీ అనే పిరిమిడిన్‌గా మారదు, డీఎన్ఏకు కావలసిన సరుకు అందదు, ఫోలేట్, బి12 విటమిన్‌లకు లొంగని, ఎర్ర కణాలు పెద్దవయ్యే మెగాలోబ్లాస్టిక్ రక్తహీనత వస్తుంది. యూరియా చక్రం మాత్రం నిక్షేపంగా ఉంటుంది కనుక అమ్మోనియా పెరగదు. ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్ లోపం ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా సంక్రమిస్తుంది, ఓరోటిక్ అసిడ్యూరియాకు తల్లి, తండ్రి ఇద్దరినుంచీ లోపమున్న జన్యువు రావాలి. ఇంత తెలిసి ఉండీ ప్రశ్న తప్పడానికి కారణం ఒక్కటే: ఈ రెండింటినీ నేను ఎన్నడూ ఒకే పేజీలో పెట్టి చూడలేదు. ఒకటి అమైనో ఆమ్లాల అధ్యాయంలో, మరొకటి న్యూక్లియోటైడ్‌ల అధ్యాయంలో ఉన్నాయి. పుస్తకానికి అధ్యాయాలు ఉంటాయి గాని ప్రశ్నకు ఉండవు.

అప్పటినుంచి పునశ్చరణను జంటలుగా చేయడం మొదలుపెట్టాను. ఒక పేజీకి ఒక జంట. ఎడమవైపు ఒకటి, కుడివైపు మరొకటి, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి పైన, వాటిని విడదీసే ఒకే ఒక్క విషయం కింద రాసుకోవాలి. ఆ విషయానికి కారణం కూడా అక్కడే ఒక వాక్యంలో ఉండాలి, ఎందుకంటే కారణం లేకుండా రాసుకున్న తేడా నాలుగు రోజులకే తారుమారై ఎడమది కుడివైపుకు చేరుతుంది.

ఈ పద్ధతికి అన్నిటికంటే బాగా లొంగినది మూత్రపిండం. మూత్రం ఎక్కువగా పోయించే మందుల్లో ఫ్యూరోసెమైడ్ వల్ల కాల్షియం మూత్రంలో పోతుందనీ, థయాజైడ్‌ల వల్ల కాల్షియం శరీరంలో నిలుస్తుందనీ విద్యార్థి దశలో ఒక పద్యంలా కంఠస్థం చేశాను. పరీక్ష హడావుడిలో ఆ పద్యం ప్రతిసారీ తిరగబడేది. ఈసారి మూత్రం తయారయ్యే నాళిక లోపలికి వెళ్ళి చూశాను. ఆ నాళికలో హెన్లీ వంపు అనే మలుపులోని మందమైన ఆరోహణ భాగంలో ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్ అయాన్‌లను కలిపి లోపలికి తీసుకునే వాహకం ఉంటుంది. అలా లోపలికి వచ్చిన పొటాషియంలో కొంత మళ్ళీ నాళికలోకి కారుతుంది, దానివల్ల నాళిక లోపలి వైపు ధనావేశం ఏర్పడుతుంది. ఆ ధనావేశమే కాల్షియంనూ మెగ్నీషియంనూ కణాల సందుల గుండా రక్తం వైపు నెడుతుంది. ఫ్యూరోసెమైడ్ ఆ వాహకాన్ని ఆపితే ధనావేశం ఉండదు, నెట్టే శక్తి ఉండదు, కాల్షియం మూత్రంతో పాటే పోతుంది. దూర నాళికలో కథ వేరు. అక్కడ సోడియం, క్లోరైడ్‌ల వాహకాన్ని థయాజైడ్ ఆపితే కణంలో సోడియం తగ్గుతుంది. ఆ లోటు వల్ల రక్తం వైపున ఉన్న మార్పిడి ప్రోటీన్ సోడియంను లోపలికి తెచ్చుకుంటూ బదులుగా కాల్షియంను రక్తంలోకి పంపడం ఎక్కువ చేస్తుంది, దాంతో మూత్రంలోని కాల్షియం మరింతగా కణంలోకి చేరుతుంది. మూత్రంలో కాల్షియం ఎక్కువై రాళ్ళు కట్టేవారికి థయాజైడ్ ఎందుకు ఇస్తారో ఇక వేరుగా గుర్తుపెట్టుకోనవసరం లేదు.

ఈ ఒక్క పేజీ నాకు మరో రెండు పేజీలు మిగిల్చింది. బార్టర్ సిండ్రోమ్ అంటే పుట్టుకతోనే ఫ్యూరోసెమైడ్ వేసుకుంటున్నట్లు ఉండే స్థితి, గిటెల్‌మన్ సిండ్రోమ్ అంటే పుట్టుకతోనే థయాజైడ్ వేసుకుంటున్నట్లు ఉండే స్థితి. రెండింటిలోనూ సోడియం ఎక్కువగా చివరి నాళికలకు చేరుతుంది, ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, పొటాషియం పోతుంది, రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. విడదీసేది మూత్రంలోని కాల్షియం: బార్టర్‌లో ఎక్కువ, గిటెల్‌మన్‌లో తక్కువ. మందుల పేజీ అర్థమైనవారికి ఈ వాక్యం చదవకముందే తెలుస్తుంది.

సూక్ష్మజీవశాస్త్రంలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచిన జంట ధనుర్వాతం, బోటులిజం. ఒకదానిలో రోగి విల్లులా బిగుసుకుపోతాడు, మరొకదానిలో కనురెప్పలనుంచి మొదలై శరీరమంతా సడలిపోతుంది. చూడటానికి ఉత్తర దక్షిణ ధ్రువాలు. అయినా రెండు విషాలూ చేసే పని ఒక్కటే. నాడీ చివర్లలో రసాయన సంచులను పొరకు అతికించే స్నేర్ ప్రోటీన్‌లను అవి కత్తిరిస్తాయి. తేడా అంతా కత్తిరింపు జరిగే చోటులో ఉంది. బోటులినం విషం నాడి కండరాన్ని కలిసే చోట, కండరాన్ని కదిలించే ఎసిటైల్‌కోలిన్ విడుదలను ఆపుతుంది, కండరానికి ఆజ్ఞ అందదు. ధనుర్వాత విషం నాడి వెంట వెనక్కి ప్రయాణించి వెన్నుపాము చేరి, అక్కడ నిగ్రహించే కణాలనుంచి గ్లైసిన్, గాబా అనే రసాయనాలు విడుదల కాకుండా చేస్తుంది. అడ్డు చెప్పేవారు లేని ఆజ్ఞలు కండరాలను బిగించేస్తాయి. ఇది ఒకసారి అర్థమైన తర్వాత ఏ ప్రశ్నలోనైనా నేను ముందుగా వెతికేది విషం పేరు కాదు, అది పనిచేసే చోటు.

కలరా, కోరింత దగ్గు విషాల జంట ఇంతటి రుచికరమైనది కాదు గాని అడుగుతూనే ఉంటారు. రెండూ ఏడీపీ రైబోజ్ అనే రసాయన ముక్కను, బయటి సంకేతాలను కణంలోకి చేరవేసే జీ ప్రోటీన్‌లకు అతికిస్తాయి, రెండూ కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచుతాయి. కలరా విషం ఉత్తేజపరిచే ప్రోటీన్‌ను ఆరకుండా వెలిగించి ఉంచుతుంది, కోరింత దగ్గు విషం నిగ్రహించే ప్రోటీన్‌ను పనికిరాకుండా చేస్తుంది. అంతే.

బి12, ఫోలేట్‌ల జంట దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ పొరపడితే పోయేది ఒక మార్కు కాదు. రెండింటి లోపంలోనూ ఎర్ర కణాలు పెద్దవవుతాయి, న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాల కేంద్రకాలకు తమ్మెలు ఎక్కువవుతాయి, రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం పెరుగుతుంది. మిథైల్‌మలోనిక్ ఆమ్లం బి12 లోపంలో మాత్రమే పెరుగుతుంది. మిథైల్‌మలోనైల్ కోఎన్‌జైమ్ ఎను సక్సినైల్ కోఎన్‌జైమ్ ఎగా మార్చే ఎంజైమ్‌కు బి12 కావాలి, ఫోలేట్‌తో దానికి పనిలేదు. వెన్నుపాము వెనుక స్తంభాలు, పక్క స్తంభాలు దెబ్బతిని కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక తడబడటం కూడా బి12 లోపానికి చెందినవే. బి12 లోపం ఉన్న రోగికి ఫోలేట్ మాత్రమే ఇస్తే రక్తహీనత మెరుగుపడుతుంది, హీమోగ్లోబిన్ అంకె చూసి వైద్యుడు సంతోషిస్తాడు, ఈలోగా నాడుల నష్టం చాపకింద నీరులా సాగిపోతుంది. కాలం కూడా ఒక ఆధారమే. కాలేయంలోని బి12 నిల్వలు ఏళ్ళ తరబడి సరిపోతాయి, ఫోలేట్ నిల్వలు కొన్ని నెలలకే తరిగిపోతాయి. అందుకని ఇటీవలే ఆహారం దెబ్బతిన్న వ్యక్తి గురించి ప్రశ్న ఉంటే నా చూపు ముందుగా ఫోలేట్ వైపు వెళుతుంది.

గ్లైకోజెన్ (కాలేయం నిల్వ చేసుకునే చక్కెర) వ్యాధుల్లో నేను ఒకే జంట రాసుకున్నాను. వాన్ గియర్క్ వ్యాధిలో గ్లూకోజ్ 6 ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఉండదు. గ్లైకోజెన్ కరిగినా, లాక్టేట్ నుంచి కొత్తగా తయారైనా, గ్లూకోజ్ కాలేయం దాటి రక్తంలోకి రావడానికి ఈ చివరి మెట్టే దిక్కు. ఆ మెట్టు లేకపోతే రక్తంలో చక్కెర తీవ్రంగా పడిపోవడమే కాక, దారి మళ్ళిన గ్లూకోజ్ ఫాస్ఫేట్ వల్ల లాక్టేట్, కొవ్వులు, యూరిక్ ఆమ్లం పెరుగుతాయి. కోరీ వ్యాధిలో గ్లైకోజెన్ కొమ్మలను విడదీసే ఎంజైమ్ మాత్రమే లేదు, కొత్త గ్లూకోజ్ తయారీ చెక్కుచెదరదు. అందుకే కాలేయం పెరిగినా, చక్కెర తగ్గినా, లాక్టేట్ మామూలుగానే ఉంటుంది.

శరీర నిర్మాణశాస్త్రంలో కారణాలు ఉండవని, అక్కడ కంఠస్థం తప్ప గతిలేదని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకాన్ని పోగొట్టింది స్వరపేటికకు వెళ్ళే రికరెంట్ లారింజియల్ నాడి. ఎడమ నాడి ఛాతీలోకి దిగి బృహద్ధమని చాపం కింద చుట్టి పైకి వెళుతుంది, కుడి నాడి మెడ మొదట్లోనే, చేతి వైపు వెళ్ళే సబ్‌క్లేవియన్ ధమని కింద చుట్టి వెనుదిరుగుతుంది. ఈ తేడా ఎందుకో పిండ దశలోకి వెళితే గాని తెలియదు. తొలుత రెండు నాడులూ రెండు వైపులా ఆరో ధమనీ చాపం కిందనే ఉంటాయి. గుండె కిందికి దిగేటప్పుడు చాపాలు వాటిని లాక్కుపోతాయి. కుడివైపు ఆరో చాపం బయటి భాగం అదృశ్యమవుతుంది కనుక నాడి పైకి జారి నాలుగో చాపానికి, అంటే భావి సబ్‌క్లేవియన్ ధమనికి, తగిలి ఆగుతుంది. ఎడమవైపు ఆ భాగం డక్టస్ ఆర్టీరియోసస్ అనే పిండ రక్తనాళంగా నిలిచిపోతుంది, నాడి దాని కిందే చిక్కుకుంటుంది. మైట్రల్ కవాటం ఇరుకై ఎడమ కర్ణిక బాగా ఉబ్బిన రోగికి గొంతు బొంగురుపోతే దెబ్బతిన్నది ఎడమ నాడే అని, కుడి నాడి అసలు ఛాతీలోకే రాదని, ఈ పిండ కథ తెలిసినవారు తడుముకోకుండా చెబుతారు.

గణాంకాల అధ్యాయాన్ని చాలామంది చివరి రోజుకు వదిలేస్తారు. నేనూ వదిలేశాను, తగిన ఫలితం అనుభవించాను. నన్ను పదేపదే పడగొట్టిన జంట వ్యాధి పరీక్ష సున్నితత్వం (వ్యాధి ఉన్నవారిలో ఎందరిని పట్టుకుంటుంది), పాజిటివ్ ఫలితానికి ఉన్న విలువ (పాజిటివ్ వచ్చినవారిలో ఎందరికి నిజంగా వ్యాధి ఉంది). సూత్రాలు పక్కనపెట్టి మనుషులను లెక్కపెట్టడం మొదలుపెట్టిన రోజున ఇది తేలిపోయింది. వ్యాధి ఉన్నవారిలో 90 శాతం మందిని పట్టుకునే, వ్యాధి లేనివారిలో 90 శాతం మందిని సరిగా వదిలేసే పరీక్ష ఒకటి ఉందనుకుందాం. 10,000 మందిలో 1 శాతానికి, అంటే 100 మందికి, వ్యాధి ఉంటే, పరీక్ష వారిలో 90 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 9,900 మంది ఆరోగ్యవంతుల్లో 990 మందికి కూడా పాజిటివ్ అని చెబుతుంది. మొత్తం 1,080 పాజిటివ్ ఫలితాల్లో నిజమైనవి 90, అంటే పన్నెండింటిలో ఒకటి. అదే పరీక్షను 20 శాతం మందికి వ్యాధి ఉన్న సమూహంలో చేస్తే 2,600 పాజిటివ్‌లలో 1,800 నిజమవుతాయి, అంటే దాదాపు 69 శాతం. పరీక్ష మారలేదు, పరీక్షించిన జనం మారారు. సున్నితత్వం వ్యాధి ఉన్నవారిని మాత్రమే చూసి కట్టిన లెక్క కనుక జనం మారినా కదలదు. పాజిటివ్ ఫలితం విలువ ఉన్నవారినీ లేనివారినీ ఒకే గంపలో వేసి కట్టిన లెక్క కనుక కదులుతుంది.

మందుల శాస్త్రంలో ఇదే తరహా జంట లోడింగ్ మోతాదు (మొదట ఒక్కసారిగా ఇచ్చేది), నిర్వహణ మోతాదు (తర్వాత క్రమంగా ఇస్తూ పోయేది). మొదటిది మందు ఎంత పరిమాణంలో వ్యాపిస్తుందన్నదానిపై, రెండోది ఎంత వేగంగా తొలగిపోతుందన్నదానిపై ఆధారపడతాయి. మూత్రపిండాల ద్వారా పోయే మందును అవి దెబ్బతిన్న రోగికి ఇచ్చేటప్పుడు తగ్గించవలసింది సాధారణంగా నిర్వహణ మోతాదునే. రక్తంలో మందు స్థిర స్థాయికి చేరడానికి నాలుగైదు అర్ధజీవిత కాలాలు (మందు సగానికి తగ్గే కాలం ఒకటి) పడుతుంది, మోతాదు రెట్టింపు చేసినా ఆ కాలం తగ్గదు. నేను రెట్టింపు చేస్తే తొందరగా చేరుతుందని మూడుసార్లు జవాబిచ్చాను. మూడోసారి నోటుపుస్తకంలో రాసుకున్న వాక్యం ఇక్కడ రాయదగినది కాదు.

ఈ పద్ధతికి ఉన్న లోపాలు కూడా చెప్పాలి. కొత్త మోజులో ప్రతిదానికీ జంట వెతకడం మొదలుపెట్టి, ఎవరూ ఎన్నడూ పొరపడని విషయాలను కూడా ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక వారం వృథా చేశాను. తప్పు జరిగిన చోటే జంట పుట్టాలి, ముందుగా ఊహించి కట్టకూడదు. అంతకంటే పెద్ద పొరపాటు, రెండూ కొత్తగా ఉన్నప్పుడే పక్కపక్కన పెట్టడం. బార్టర్, గిటెల్‌మన్‌లను ఒకే పూట చదివినందువల్లే అవి మొదట అంతగా కలిసిపోయాయి. ఒకటి మనసులో కుదురుకున్న తర్వాతే రెండోదాన్ని దాని పక్కకు పిలవాలి.

కారణాలు దొరకని విషయాలు కూడా చాలా ఉన్నాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ జన్యువు 7వ క్రోమోజోమ్‌పై, విల్సన్ వ్యాధిది 13పై, మొదటి రకం న్యూరోఫైబ్రోమటోసిస్‌ది 17పై, రెండో రకానిది 22పై ఎందుకున్నాయని అడిగితే జవాబు లేదు. వీటికి నేను చిన్న కార్డులు రాసుకుని, రోజుల ఎడం పెంచుకుంటూ, వెనుక వైపు చూడకుండా జవాబు చెప్పుకునే పాత పద్ధతినే పాటించాను. మరపు తొలి గంటల్లో వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా సాగుతుందని జర్మన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే తనపై తాను ప్రయోగాలు చేసుకుని ప్రకటించాడు. 2006లో రోడిగర్, కార్పికే అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం నా తొలి నెల సంగతి నాకే అద్దంలో చూపించింది. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత జరిపిన పరీక్షలో ముందున్నారు. చదివి, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవారు వారం తర్వాతి పరీక్షలో ముందున్నారు. నోట్సు కింద గీతలు గీస్తున్నప్పుడు నాకు కలిగిన ధీమా ఆ ఐదు నిమిషాల ధీమాయే.

నోటుపుస్తకంలో ఇప్పుడు కొట్టివేయని జంటలు పదికి లోపే ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే మొండిది హర్లర్, హంటర్ సిండ్రోమ్‌లనే జన్యు వ్యాధుల జంట. రెండింటిలోనూ కణాల్లో విడిపోవలసిన హెపరాన్ సల్ఫేట్, డెర్మటాన్ సల్ఫేట్ అనే పదార్థాలు పేరుకుపోతాయి, రెండింటిలోనూ ముఖకవళికలు మొరటుగా మారతాయి, పేర్లు కూడా కవల పిల్లల పేర్లలా ఉన్నాయి. హర్లర్‌లో కంటి నల్లగుడ్డు ముందరి పొర మసకబారుతుంది, ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చే హంటర్‌లో ఆ మసక ఉండదు. ఇంతవరకు కారణాల గురించి ఇన్ని మాటలు చెప్పిన నేను ఇక్కడ మాత్రం, హంటర్ అంటే వేటగాడు కదా, వేటగాడికి చూపు చక్కగా ఉండాలి కదా అన్న పిల్లల గుర్తుతోనే నెట్టుకొస్తున్నాను. నిన్నటి సాధన పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, జవాబు సరిపోయింది, పేజీని మాత్రం ఇంకా కొట్టివేయలేదు.